కత్తుల తయారీకి మొదటి బెల్ట్ గ్రైండర్: పాతిక వేలలో ఏది కొనాలి, ఏది చేయించుకోవాలి

మీరు అడిగింది ఇదీ: రాజాం దగ్గర పల్లెలో ఉంటారు, ఇంటికి సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది, చేతిలో పాతిక వేలున్నాయి. చేపలు కోసే కత్తులు, ఉద్దానం వైపు వాడే కొబ్బరి బొండాల కత్తులు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం వెడల్పు బెల్ట్ సాండర్ కొనాలా, వడ్రంగులు వాడే 4 అంగుళాలది కొనాలా, ఉన్న యాంగిల్ గ్రైండర్‌కి బెల్టు అటాచ్‌మెంట్ తగిలిస్తే చాలదా, లేక తెలిసిన లేత్ షాపులో చేయించుకోవాలా? పొలం దగ్గర త్రీఫేజ్ లైను ఉంది కదా, దాన్ని వాడుకోవచ్చా అని కూడా అడిగారు.

చేయించుకోండి. 50×1830 మిల్లీమీటర్ల బెల్టు తిరిగే మెషీన్, దానికి సెకండ్ హ్యాండ్ 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, ఇంటి సింగిల్ ఫేజ్‌తో నడిచే కొత్త వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె). ఫ్రేము ఎంత మోటుగా ఉన్నా ఫరవాలేదు. చక్రాలు, బేరింగులు, ప్లాటెన్ (బెల్టు వెనక ఉండే పలక) మాత్రం కచ్చితంగా ఉండాలి. పొలం లైను సంగతి మోటారు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

గ్రైండర్ కొనేవాళ్లు ముందు మోటారు ఎన్ని హెచ్‌పీ అని చూస్తారు. చూడాల్సింది బెల్టు సైజు. మెషీన్ ఒక్కసారి కొంటారు, బెల్టులు ఎప్పటికీ కొంటూనే ఉంటారు. 25×762, అంటే 1×30 అంగుళాల బెల్టు సన్నగా, పొట్టిగా ఉంటుంది. పొట్టి బెల్టు మీద ఒక్కో రవ్వ, అంటే ఉక్కుని కోసే గరుకు గింజ, మళ్లీ మళ్లీ త్వరగా ఉక్కు మీదికి వస్తుంది, మధ్యలో చల్లారే వ్యవధి ఉండదు, బెల్టు త్వరగా చచ్చిపోతుంది. 1830 పొడవు బెల్టులో రవ్వలున్న వైశాల్యం దానికి దాదాపు 5 రెట్లు. ధర మాత్రం 5 రెట్లు ఉండదు. పైగా కత్తుల పనికి పనికొచ్చే ముతక సిరామిక్ బెల్టులు, పలచటి గుడ్డ మీద వచ్చే ఫినిషింగ్ బెల్టులు ఈ 2×72 అంగుళాల సైజులోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి. దొరక్కపోయినా, బెల్టులు అతికించి ఇచ్చే పారిశ్రామిక సరఫరాదారులు రోల్ నుంచి కోసి ఏ పొడవుకైనా చేసిస్తారు. ఆర్డరు ఇచ్చేటప్పుడు అంగుళాల్లో కాకుండా 50×1830 అని మిల్లీమీటర్లలోనే రాయించండి.

మిగతా మూడింటి గురించి. 1×30 సాండర్‌లో మోటారు సాధారణంగా పావు నుంచి మూడో వంతు హెచ్‌పీ దాకా ఉంటుంది. కాస్త గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. వెనక ఉండే పలక పలచటి రేకు, ఒత్తిడికి వంగుతుంది. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న చేపల కత్తి వాలుని (అంచు వైపు పలచబడే ముఖాన్ని) 25 మిల్లీమీటర్ల బెల్టు మీద తీస్తే అలలు అలలుగా వస్తుంది. దాన్ని ఇసక కాగితంతో చేత్తో సాపు చేయడానికి పట్టే శ్రమ గ్రైండర్ ఆదా చేసిన శ్రమ కన్నా ఎక్కువ. పిడి గుండ్రం చేయడానికి, తయారైన కత్తికి పదును పెట్టడానికి అది మంచిదే. ఇప్పటికే ఇంట్లో ఉంటే అమ్మకండి.

వడ్రంగి సాండర్ 4×36 అంగుళాలు. బెల్టు వెడల్పు బాగుంటుంది, కానీ వేగం తక్కువ, పలక అడ్డంగా పడుకుని ఉంటుంది. వాలు ఎక్కడ మొదలవుతోందో కంటికి కనపడదు. లోపల చెక్క పొట్టు పేరుకునే గది ఉంటుంది, చాలా వాటిలో అది ప్లాస్టిక్‌ది. ఉక్కు నిప్పురవ్వలు అందులో పడితే వెంటనే మంట కనపడదు. లోలోపల కుంపటిలా రాజుకుని, మీరు షెడ్డు తాళం వేసి వెళ్లాక అంటుకుంటుంది. ఉక్కుకీ చెక్కకీ ఒకే మెషీన్ వాడేవాళ్లు మధ్యలో పొట్టంతా ఊడ్చి తీరాలి.

యాంగిల్ గ్రైండర్ అటాచ్‌మెంట్ అన్నిటికన్నా చవక, అందుకే అందరి కళ్లూ ముందు దాని మీద పడతాయి. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 4 అంగుళాల గ్రైండర్ మీద 30 మిల్లీమీటర్ల చక్రం పెడితే బెల్టు సెకనుకు 17 మీటర్లు పరుగెడుతుంది. ముతక పనికి అది సరే. కానీ బెల్టు సన్నం, పొట్టి, వేగం తగ్గించే దారి లేదు. హార్డెన్ చేసిన (కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచిన) అంచుని అక్కడ రెండు సెకన్లు ఆపితే నీలం తిరుగుతుంది. 6 అంగుళాల బెంచ్ గ్రైండర్‌కి రాయి తీసేసి చక్రం పెట్టి బెల్టు నడిపే అటాచ్‌మెంట్లకీ ఇదే దోషం. 150 మిల్లీమీటర్ల చక్రం 2,850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. నేర్చుకునేవాళ్ల చేతికి అది చాలా ఎక్కువ.

ఈ వేగం లెక్క మీరే వేసుకోవడం నేర్చుకోండి, అప్పుడు ఎవరూ మిమ్మల్ని మభ్యపెట్టలేరు. నడిపే చక్రం వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించండి. సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 1,440 ఆర్‌పీఎం మోటారు మీద 100 మిల్లీమీటర్ల చక్రం పెడితే 7.5, 150 మిల్లీమీటర్లది పెడితే 11.3. 2,880 మోటారు మీద 100 మిల్లీమీటర్లది పెడితే 15. మొదట ముతకగా ఉక్కు తీయడానికి 12 నుంచి 18 బాగుంటుంది, హార్డెన్ చేసిన తర్వాత పనికీ పిడి చెక్కకీ 4 నుంచి 8 చాలు. అందుకని నా ఎంపిక 1,440 మోటారు, 150 మిల్లీమీటర్ల చక్రం. మామూలు కరెంటు 50 హెర్ట్జ్, వీఎఫ్‌డీని 20 హెర్ట్జ్ దగ్గర పెడితే 4.5, 70 హెర్ట్జ్ దగ్గర పెడితే 15.8 వస్తుంది. ఒకే చక్రంతో పనంతా జరిగిపోతుంది.

ఇక మోటారు. ఎక్కువ డబ్బు పాడయ్యేది ఇక్కడే.

ఇంటికి సింగిల్ ఫేజ్ కాబట్టి సింగిల్ ఫేజ్ మోటారే కొనాలని చాలామంది అనుకుంటారు. కెపాసిటర్‌తో మొదలయ్యే ఆ మోటార్లకి వేగం మార్చే ఉపాయం లేదు. ఫ్యాన్ రెగ్యులేటరు లాంటిది తగిలిస్తే సరిపోతుందని కొన్నిచోట్ల చెబుతారు, నమ్మకండి. వోల్టేజీ తగ్గితే బలం తగ్గుతుంది తప్ప వేగం పెద్దగా మారదు. లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ విడవక స్టార్టింగ్ వైండింగ్ కాలిపోతుంది. వీఎఫ్‌డీ కూడా దానికి పెట్టకూడదు. ఇంకో కష్టం మన పల్లెల వోల్టేజీ. 230 ఉండాల్సింది సాయంత్రం 190కి పడితే మోటారు బలం మూడింట రెండు వంతులకి దిగిపోతుంది, ఎందుకంటే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. అలాంటప్పుడు 1 హెచ్‌పీ మోటారు బెల్టు మీద నొక్కగానే మూలుగుతుంది.

త్రీఫేజ్ మోటారుకి కెపాసిటరూ లేదు, స్విచ్చూ లేదు, వైండింగ్ షాపుల్లో పాతవి దొరుకుతాయి, చెడిపోయే భాగాలు తక్కువ. వీఎఫ్‌డీ ఇంటి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్‌గా మార్చి ఇస్తుంది. కాని అది ఇచ్చే త్రీఫేజ్ కూడా 220 వోల్టుల చుట్టూనే, 415 కాదు. ఇక్కడే తప్పు జరుగుతుంది. మన దేశంలో 2 హెచ్‌పీ దాకా మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకి స్టార్ కనెక్షన్‌తో (మూడు వైండింగుల ఒక్కో కొసా లోపల ఒకచోట కలిపి) వస్తాయి. దాన్ని అలాగే 220 మీద నడిపితే బలం పావు వంతుకి కాస్త ఎక్కువ, అంతే. మోటారు కొనే ముందు టెర్మినల్ బాక్స్ మూత విప్పించి చూడండి. ఆరు వైర్లు బయటికి వచ్చి ఉంటే డెల్టాకి (వైండింగులని త్రికోణంలా కలిపే కనెక్షన్‌కి) మార్చుకోవచ్చు, అప్పుడు అదే మోటారు 240 వోల్టులది అవుతుంది. మూడే ఉంటే, లోపల స్టార్ జాయింటు విప్పి మిగతా మూడు కొసలు బయటికి తీయమని వైండింగ్ మేస్త్రిని అడగండి. తెలిసిన మేస్త్రికి అది పెద్ద పని కాదు. మోటారు బేరం ఆడేటప్పుడే ఈ పనీ అందులో కలిపి మాట్లాడుకోండి.

డెల్టాలో 1.5 కిలోవాట్ల, అంటే 2 హెచ్‌పీ, మోటారు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. అందుకని వీఎఫ్‌డీ 1.5 కిలోవాట్లది, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్‌కే తయారైనది, అవుట్‌పుట్ 7 ఆంపియర్లకి తగ్గనిది చూడండి. ఇన్‌పుట్ వైపు పూర్తి లోడులో 14, 15 ఆంపియర్లు తీసుకోవచ్చు కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, మీటరు దగ్గర నుంచి విడి లైను, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, షెడ్డు దూరమైతే 4. ఎర్తింగ్ తప్పదు. మోటారు బాడీ, ఫ్రేము, వీఎఫ్‌డీ మూడూ ఎర్త్‌కి కలపాలి. వీఎఫ్‌డీని మూతున్న డబ్బాలో, గ్రైండర్‌కి దూరంగా, నిప్పురవ్వలు ఎగిరే వైపు కాకుండా గోడకి బిగించండి. గాలిలో తేలే ఇనప రజను లోపలి బోర్డు మీద వాలి షార్ట్ చేస్తుంది, వీఎఫ్‌డీలు చచ్చేది ఎక్కువగా ఇలాగే. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టకండి, ఆపడం మొదలెట్టడం వీఎఫ్‌డీ బటన్లతోనే. 20 హెర్ట్జ్ కింద ఎక్కువసేపు గట్టిగా నొక్కి పని చేయవద్దు, మోటారు వెనక ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది కనక వేడెక్కుతుంది.

పాత మోటారు ఎంచుకునేటప్పుడు పూర్తిగా మూసి ఉండి బయట ఫ్యాను ఉన్నదే తీసుకోండి. పక్కల చిల్లులున్న మోటారులోకి రజను పోయి వైండింగ్‌ని తినేస్తుంది. షాఫ్టు పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, ఆట ఉండకూడదు. చేత్తో తిప్పితే గరగర రాకూడదు. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో) బాడీకి లీకేజీ ఉందేమో చూపించుకోండి. 1,440 ఆర్‌పీఎం 2 హెచ్‌పీ మోటారు 90 ఫ్రేములో (మోటారు సైజు నంబరు) వస్తుంది, షాఫ్టు 24 మిల్లీమీటర్లు, కీ (చక్రం షాఫ్టు మీద జారకుండా పెట్టే ముక్క) 8. 1 హెచ్‌పీ అయితే 80 ఫ్రేము, షాఫ్టు 19, కీ 6. చక్రం బోరు (మధ్య చిల్లు) వేయించే ముందు వెర్నియర్‌తో కొలిచి మరీ చెప్పండి. నీళ్లు తోడే మోనోబ్లాక్ మోటారు ఇంట్లో ఉంది కదా అని దాన్ని తెచ్చుకోకండి, దాని షాఫ్టు ఇంపెల్లర్ కోసం చేసింది, చక్రం కూర్చోదు. పిండి మర మోటారు 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్‌ది ఊరికే పడి ఉంటే మాత్రం వదలకండి. మూడు మెట్ల పుల్లీ జత, వి బెల్టుతో వేరే షాఫ్టు నడిపితే మూడు వేగాలు వస్తాయి. వీఎఫ్‌డీ అంత సుఖం ఉండదు, పని మాత్రం జరుగుతుంది.

పొలం త్రీఫేజ్ లైను వద్దు. వ్యవసాయానికి ఇచ్చిన కరెంటుని వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగమే అవుతుంది, అపరాధ రుసుం వేస్తారు. కత్తులు అమ్మడం మొదలయ్యాక ఇంటి కనెక్షన్ కేటగిరీ గురించి కూడా ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు లేత్ షాపులో చెప్పాల్సింది. ఇక్కడ తొందరపడకండి, కాగితం మీద కొలతలు రాసి ఇవ్వండి.

నడిపే చక్రం అల్యూమినియంతో, వ్యాసం 150, వెడల్పు 52. ఇనుముతో చేస్తే దాదాపు 7 కిలోలు అవుతుంది, అల్యూమినియంతో రెండున్నర కిలోల లోపే. ఇనుముది మొదలవడానికీ ఆగడానికీ మొండికేస్తుంది, కాస్త బ్యాలెన్సు తప్పినా ఫ్రేమంతా వణుకుతుంది. బోరు వేసిన తర్వాత చక్రాన్ని మళ్లీ విప్పి బిగించకుండా అదే సెట్టింగులో, లేదా మాండ్రెల్ (బోరులో బిగుతుగా దూరే కడ్డీ) మీద ఎక్కించి బయటి ముఖం తీయమనండి. ఈ ఒక్క ముక్క టర్నర్‌కి గట్టిగా చెప్పాలి. విడివిడిగా తీస్తే బోరు కేంద్రం, బయటి కేంద్రం కలవవు, చక్రం ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, ఆ వణుకు కత్తి మీద అడ్డగీతలుగా అచ్చు పడుతుంది. డయల్ గేజ్ పెట్టి 0.05 మిల్లీమీటర్ల లోపు ఉందో లేదో షాపులోనే చూసుకోండి. కీ మీద గ్రబ్ స్క్రూ పెట్టించండి.

పై చక్రం, ట్రాకింగ్ చక్రం, 75 మిల్లీమీటర్లు. దీనికి మాత్రం నడుం ఉబ్బుగా ఉండాలి. మధ్యలో కన్నా అంచుల్లో వ్యాసం ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ. బెల్టు ఎప్పుడూ ఎత్తైన చోటుకే ఎక్కాలని చూస్తుంది, అందుకే ఈ ఉబ్బు బెల్టుని మధ్యలో నిలుపుతుంది. మిగతా చక్రాలన్నీ సాపుగానే ఉంచండి. అన్నిటికీ ఉబ్బు పెడితే ప్లాటెన్ మీద బెల్టు మధ్యలో ఉబ్బుగా వస్తుంది. ప్లాటెన్‌కి పైనా కిందా ఉండే రెండు చిన్న చక్రాలు 50 మిల్లీమీటర్లు చాలు. అవి నిమిషానికి 6,000 చుట్ల దాకా తిరుగుతాయి కనక బేరింగు విషయంలో కక్కుర్తి పడకూడదు. 6201 నంబరు, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్ఎస్ రకం. దాని లోపలి బోరు 12 మిల్లీమీటర్లు, ఎం12 బోల్టు ఇరుసుగా సరిపోతుంది. రేకు మూతున్న జడ్‌జడ్ రకంలోకి రజను దూరుతుంది. ఒక్కో చక్రానికి రెండేసి బేరింగులు, వాటి లోపలి రింగుల మధ్య ఒక స్పేసరు. స్పేసరు లేకుండా నట్టు బిగిస్తే బేరింగు పక్కకి నొక్కుకుపోయి కొద్ది గంటల్లోనే అరవడం మొదలెడుతుంది.

ఫ్రేముకి 10 లేదా 12 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కలు, ప్లాటెన్‌ని మోసే చేయికి 40 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ. ఆ చేయి దూరే గూడుని చదరపు ట్యూబుతో చేయాలని చూస్తే ట్యూబు లోపలి వెల్డింగ్ గీత అడ్డం వస్తుంది, దాన్ని ఆకురాయితో తీయడం చిరాకు. నాలుగు ప్లేటు ముక్కలు బోల్టులతో బిగించి గూడు చేయించండి, వదులైతే మళ్లీ సర్దుకోవచ్చు. టెన్షన్ చేయికి కారు డిక్కీ గ్యాస్ స్ట్రట్ గానీ, బలమైన లాగుడు స్ప్రింగు గానీ పెట్టొచ్చు. చేయి కనీసం 40, 50 మిల్లీమీటర్లు కిందికి దిగాలి, లేకపోతే బెల్టు మార్చడం నరకం. కొత్త బెల్టులు పొడవులో అయిదారు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి, దానికీ ఇదే చోటు. పై చక్రాన్ని మోసే ముక్కకి మడతబందు లాంటి కీలు, వెనక నుంచి తోసే ఒక నాబ్ బోల్టు. నాబ్ తిప్పితే చక్రం కొద్దిగా వాలి బెల్టు కుడికో ఎడమకో జరగాలి.

ప్లాటెన్ అంటే బెల్టు వెనక ఉండే సాపు పలక. కత్తి వాలు సాపుగా రావాలంటే అది సాపుగా ఉండాలి, ఇంకేదీ దాన్ని సరిచేయలేదు. 10 మిల్లీమీటర్ల మందం, 50 వెడల్పు, 220 పొడవు. ఉత్త మైల్డ్ స్టీల్ అయితే బెల్టు వెనక గుడ్డ రాసుకుని కొన్నాళ్లకి మధ్యలో గుంట పడుతుంది. దాని మీద గ్లాస్ సిరామిక్ ముక్క అతికిస్తే వేడికీ అరుగుదలకీ చాలాకాలం నిలుస్తుంది. పాత ఇండక్షన్ స్టౌ పై పలక అదే పదార్థం, డైమండ్ బ్లేడుతో నీళ్లు పోస్తూ నిదానంగా కోయాలి. కిటికీ అద్దం పెట్టకండి, వేడికి పగిలి ముఖం మీదికి వస్తుంది. వేడి తట్టుకునే ఎపాక్సీతో అతికించి, ముక్క కింద అంచుకి చిన్న ఇనప మెట్టు పెట్టించండి, జిగురు వదిలినా గాజు జారి పడదు. పలక ముఖం రెండు చిన్న చక్రాల కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకి ఉండాలి. లేకపోతే బెల్టు పలకని తాకదు, గాలిలో నడుస్తుంది. నిలువు అంచులు కొద్దిగా గుండ్రం చేయండి. పిడి దగ్గర వాలు మొదలయ్యే చోట బెల్టు కత్తిరించినట్టు గాడి పడకుండా ఉంటుంది.

బొండాల కత్తికి సాపు వాలు పనికిరాదు, అంచు మొక్కపోతుంది. దానికి కాస్త ఉబ్బు వాలు కావాలి. ప్లాటెన్‌కి పైన, వెనక పలక లేని చోట బెల్టు వదులుగా ఉంటుంది, అక్కడ ఒత్తితే ఉబ్బు దానంతటదే వస్తుంది. అందుకని ప్లాటెన్‌ని ముందుకీ వెనక్కీ జరిపే వీలు, అవసరమైతే పూర్తిగా తీసేసే వీలు ఉండేలా చేయించండి. చేపల కత్తికి మాత్రం పలక మీదే పని.

మెషీన్ వచ్చాక ముందు కరెంటు పెట్టకుండా చేత్తో బెల్టు తిప్పండి. నాలుగు చక్రాల ముఖాలూ ఒకే వరసలో ఉన్నాయా అని పొడుగాటి స్కేలు ఆనించి చూడండి. తర్వాత 10 హెర్ట్జ్ మీద నడిపి నాబ్‌తో బెల్టుని మధ్యకి తేండి. నాబ్ ఎంత తిప్పినా ఒకే పక్కకి జారుతుంటే నాబ్ తప్పు కాదు, ఏదో ఒక చక్రం వరస తప్పింది, లేదా ఇరుసు వంకరగా ఉంది. మధ్యలో నిలబడి, కత్తి ఆనించగానే జారుతుంటే టెన్షన్ చాలడం లేదు. బెల్టు ఎడమా కుడీ ఊగుతుంటే అతుకు వంకరగా ఉన్న బెల్టు, వేరేది వేసి చూడండి. ప్రతి చుట్టుకీ టక్ మంటుంటే ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికిన అతుకు. కొనేటప్పుడు అంచుకి అంచు కలిపి టేపుతో అతికిన బెల్టులే అడగండి. బెల్టు వెనక బాణం గుర్తు ఉంటే ఆ దిక్కుకే వేయాలి, తిరగేసి వేస్తే అతుకు ఊడి చేతికి కొట్టుకుంటుంది. తిరిగే దిక్కు ప్లాటెన్ మీద పై నుంచి కిందికి. నిప్పురవ్వలు నేరుగా కింద పెట్టిన నీళ్ల బక్కెట్లోకి పడతాయి. తిరగబడి తిరుగుతుంటే మోటారుకి పోయే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి.

మీ పాతిక వేలలో అయిదు వేలు ముందే తీసి బెల్టులకీ మాస్కుకీ పక్కన పెట్టండి. మొత్తం మెషీన్‌కే పోసి, వచ్చిన ఒక్క బెల్టుని అరిగి నున్నగా అయ్యేదాకా నడిపేవాళ్లకి ఈ పని మీద విరక్తి పుడుతుంది, తప్పు మెషీన్‌ది కాకపోయినా. మొదటి కొనుగోలుకి ఇంత చాలు: 36 లేదా 40 గ్రిట్ (గరుకు నంబరు, పెరిగేకొద్దీ సన్నం) సిరామిక్ మూడు, 60 గ్రిట్ జిర్కోనియా అయిదు, 120 అల్యూమినియం ఆక్సైడ్ అయిదు, 220 అయిదు, పలచటి గుడ్డ మీద 400 రెండు. సిరామిక్ బెల్టు వేగమూ ఒత్తిడీ ఉంటేనే కోస్తుంది, నెమ్మదిగా నిమిరితే రవ్వలు పగలక నున్నబడి వేడెక్కుతుంది. కార్బొరండమ్ యూనివర్సల్, నార్టన్, 3ఎం లాంటి పేరున్న తయారీవే తీసుకోండి. పేరులేని బెల్టు అతుకు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

బెల్టు చచ్చిందని ఎలా తెలుస్తుంది? నిప్పురవ్వలు తగ్గుతాయి, మీరు తెలియకుండానే ఎక్కువ నొక్కడం మొదలెడతారు, ఉక్కు త్వరగా కాలుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా మార్చేయండి. పాతవి పారేయకండి, కొత్త ఉక్కు మీది నల్ల పెచ్చు తీయడానికి పనికొస్తాయి. ఆ పెచ్చు కొత్త సిరామిక్ బెల్టుని చూస్తుండగానే మొద్దుబారుస్తుంది. లేదా ముక్కని ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి కడిగితే పెచ్చు మెత్తబడి ఊడుతుంది. మన సముద్రపు గాలి తేమకి గుడ్డ బెల్టులు వంకర తిరుగుతాయి, అతుకు టేపు వదులవుతుంది. మడత పెట్టకుండా 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద వేలాడదీసి పొడి గదిలో ఉంచండి. వానాకాలం అంతా షెడ్డులో వదిలేయకండి.

ఒక మాట ఉక్కు గురించి, ఎందుకంటే గ్రైండర్ మీద పడే భారం దీన్ని బట్టే ఉంటుంది. లారీ కమాన్ కట్టలు మంచి ఉక్కే, కాని 10 మిల్లీమీటర్ల మందం. 200×40 ముక్కని 3 మిల్లీమీటర్లకి తేవాలంటే 400 గ్రాములకి పైగా ఉక్కుని రజనుగా మార్చాలి, బెల్టుల ఖర్చుకి అంతుండదు. ముందు కమ్మరి కొలిమిలో సాగదీయించి పలచన చేయించండి, గ్రైండర్‌తో ఆకారం, వాలు తీయండి. రాజాం, బొబ్బిలి, పాలకొండ చుట్టుపక్కల పల్లెల్లో కొడవళ్లు చేసే కమ్మరులకి ఈ పని చేతిలో ఉన్నదే. చేపల కత్తికి వీపు దగ్గర రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు, బొండాల కత్తికి 5, 6.

హార్డెన్ చేయక ముందు అంచుని ఒక మిల్లీమీటరు మందంగా వదిలేయండి. అంతకన్నా పలచన చేసి నూనెలో ముంచితే అంచు అలలు తిరుగుతుంది, పగిలినా పగులుతుంది. టెంపర్ చేశాక (తక్కువ వేడితో పెళుసుదనం తగ్గించాక) మిగిలింది కొత్త బెల్టుతో, తక్కువ వేగంతో, వట్టి చేత్తో పట్టుకుని తీయాలి. ఒక్కో పోతకీ నీళ్లలో ముంచండి. వేలికి కాలిందనిపిస్తే ముక్కకీ చాలు. ఎండుగడ్డి రంగు 200 నుంచి 220 డిగ్రీల దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. అంచు నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, మళ్లీ హార్డెన్ చేయాలి, లేదా ఆ మేరకి అంచు కొట్టేయాలి. రంగుని ఇసక కాగితంతో తుడిస్తే రంగు పోతుంది, మెత్తదనం పోదు. ఆఖరికి అంచు 0.2, 0.3 మిల్లీమీటర్లకి వచ్చాక గ్రైండర్ ఆపి సానరాయి మీదికి వెళ్లండి.

ఊపిరి దగ్గర రాజీ పడకండి. ముఖానికి తుండు కట్టుకుంటే కంటికి కనిపించే రజను ఆగుతుందేమో గాని, లోపలికి పోయి ఉండిపోయే సన్నటిది ఆగదు. ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కుకి తగ్గకుండా, వీలైతే మార్చుకునే ఫిల్టర్లున్న రబ్బరు హాఫ్ మాస్క్. స్టెయిన్‌లెస్ ఉక్కు రజనులో క్రోమియం, నికెల్ ఉంటాయి, పిడికి వాడే కొన్ని చెక్కల పొడి కొందరికి దద్దుర్లూ ఆయాసమూ తెస్తుంది. కళ్లకి మూసుకుపోయే అద్దాలు, చెవులకి ప్లగ్గులు. చేతి తొడుగులు, మెడలో తుండు, లుంగీ, వేలాడే చున్నీ బెల్టు దగ్గర ఉండకూడదు, గుడ్డ కొస అందితే చెయ్యి దాని వెంటే పోతుంది. పని పీట (ముక్కని ఆనించే పలక) బెల్టుకి 2 మిల్లీమీటర్ల కన్నా దూరం ఉంటే సన్నటి ముక్క ఆ సందులోకి లాక్కుపోతుంది. కత్తి కొస కిందికి చూసేలా పట్టండి, పైకి చూసే కొస బెల్టుకి తగిలితే కత్తి చేతిలోంచి ఎగురుతుంది.

ఇళ్లలో, పొలాల్లో, పరిశ్రమల్లో వాడే కత్తులకి ఆయుధ చట్టం అడ్డు రాదు. కాని 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉండి ఆ వాడకాలకి కానివి 2016 ఆయుధ నిబంధనల్లో ఆయుధాల కిందికే వస్తాయి. అలంకారానికి పెద్ద కత్తి చేసివ్వమని ఎవరైనా అడిగితే ఒప్పుకునే ముందు స్టేషన్‌లో కనుక్కోండి.

ఒకవేళ మోటారు, వీఎఫ్‌డీ ధరలు పలికించాక పాతిక వేలు చాలవని తేలితే, మధ్యలో ఏదో చిన్న సాండర్ కొని డబ్బు చెదరగొట్టకండి. 12 అంగుళాల బాస్టర్డ్ (ముతక) ఆకురాయి ఒకటి, సెకండ్ కట్ (దానికన్నా సన్నం) ఒకటి, ఒక బెంచ్ వైస్, ఆకురాయికి కడ్డీ బిగించి ఒకే కోణంలో నడిపే ఇనప జిగ్ ఒకటి చాలు, మొదటి నాలుగైదు కత్తులు వాటితోనే వస్తాయి. ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే వాలు తీసేయాలి, అంతే తేడా. ఈలోగా చక్రాలు ఒక నెల, మోటారు ఇంకో నెల, వీఎఫ్‌డీ ఆఖర్న అలా కూడబెట్టుకోవచ్చు. వీఎఫ్‌డీని ముందే కొని పెట్టుకోకండి, వాడకుండానే వారంటీ కరిగిపోతుంది.

లేత్ షాపులో డబ్బంతా ముందే ఇవ్వకండి. సగం అడ్వాన్సు, మిగతాది మెషీన్ అరగంట ఖాళీగా 50 హెర్ట్జ్ మీద నడిచాక. ఆపి, ప్లగ్గు పీకి, ఒక్కో చక్రం ఇరుసు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగుసుకుంది, స్పేసరు పొడవు తప్పింది. అది అక్కడే విప్పించి సరిచేయించుకున్నాకే బండి ఎక్కించండి.